మాస్టారి రీపోలింగ్

సుస్మిత బడి నుంచి వచ్చేసరికి వరండా మెట్ల నిండా చెప్పులు. కాలు పెట్టడానికి చోటు లేదు. టిఫిను సంచి మోచేతికి తగిలించుకుని, ఆ చెప్పుల్ని కాలితో పక్కకి జరుపుకుంటూ పైకెక్కుతుంటే మావగారు జోజి మాస్టారి గొంతు వినిపించింది.

"అదిగో, వచ్చింది. ఆవిణ్ణే అడగండి. పోలింగ్ ఆఫీసరు మనింట్లోనే ఉంది కదా."

సుస్మితకి అక్కణ్ణించే వెనక్కి తిరిగి బడికి పోదామనిపించింది.

ఓట్ల లెక్కింపు అయిన రోజు నుంచీ ఇదే తంతు. పాలప్యాకెట్టుకి వెళ్తే కొట్టు దగ్గర ఇదే, కొత్తపేట ఆటోలో ఇదే, స్టాఫ్ రూములో ఇదే. ఆమె ఈసారి కాట్రేనికోన అవతల సముద్రం వారనున్న ఒక ఊళ్ళో ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేసొచ్చింది. మే నెల ఎండలో, ఫ్యాను తిరగని గదిలో, పొద్దు పొడవకముందు కూర్చున్న కుర్చీలోంచి చీకటి పడేదాకా లేవలేదు. ఆ పనికి ఇప్పుడు దారినపోయే ప్రతివాళ్ళకీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది.

వరండాలో పదిమంది దాకా ఉన్నారు. మధ్యలో పెళ్ళిళ్ళకి షామియానాలు వేసే బంగారరాజు ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. పేట బూత్‌లో శ్యామ్ సుందర్ తరఫున ఏజెంటుగా కూర్చున్నది అతనే.

"టీచరుగారూ, ఈ వీడియో చూడండి. రోజంతా ఓట్లేసిన మిషన్లో బేటరీ తొంభై తొమ్మిది ఉందంటండి. ఎలా ఉంటాదండీ? నా ఫోను మధ్యాహ్నానికే చచ్చిపోతాది."

"బ్యాటరీ సంగతి నాకు తెలీదు బంగారరాజూ. నాకు తెలిసింది చెప్తాను."

"విన్నారా?" అన్నారు మాస్టారు, కుర్చీలో ముందుకి వంగి. "తెలీదంది. చేసొచ్చినావిడకే తెలీదు."

సుస్మిత సంచి గోడకి ఆనించి పెట్టింది. గట్టిగా అరవకూడదని పొద్దున్నే అనుకుంది. రోజూ పొద్దున్నే అనుకుంటూనే ఉంది.

"నువ్వు ఏజెంటువి కదా. ఓటింగ్ మొదలెట్టకముందు మాక్ పోల్ చేసేరా లేదా?"

"చేసేరండి."

"మీ చేత బటన్లు నొక్కించి, లోపల పడిన చీటీలు తీసి లెక్కపెట్టి చూపించేరా?"

"చూపించేరండి."

"సరిపోయిందా?"

"సరిపోయిందండి."

"సీలు మీద సంతకం పెట్టేవా?"

"పెట్టేనండి. అప్పుడు సరిపోతాదండి టీచరుగారూ. తర్వాతే కదండీ మార్చేది."

"తర్వాత ఎప్పుడు? నువ్వక్కడే కూర్చున్నావు కదా సాయంత్రం దాకా!"

"మాకు కనపడేలా మారుస్తారాండీ?"

ఎవరో నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరయినా ఇప్పటికీ పాఠం చెప్పేటప్పటిలాగే చూపుడువేలు ఎత్తుతారు.

"అమ్మాయ్, నేను ఏటీఎంలో బటను నొక్కితే చీటీ నా చేతికొస్తుంది. ఇంటికి తెచ్చుకుంటాను. ఇదేమో అద్దం వెనకాల చూపించి, చదువుకునేలోపే లోపలికి మింగేస్తుంది. నా ఓటుకి నా దగ్గరేం ఉంది? చెప్పు."

ఆ ప్రశ్నకి సుస్మిత దగ్గర జవాబు ఉంది. కానీ అంత చిన్నదిగా, అంత సూటిగా లేదు.

శ్యామ్ సుందర్ మాస్టారి శిష్యుడు. జెడ్పీటీసీగా చేసి ఈసారి అసెంబ్లీకి నిలబడ్డాడు. నియోజకవర్గమంతా వెనకబడినా మాస్టారు ఓర్చుకునేవారేమో. కానీ పేట బూత్‌లో కూడా, ఆయన ఇల్లిల్లూ తిరిగిన బూత్‌లో కూడా, మూడోవంతు ఓట్లయినా రాలేదు. అది ఆయన గొంతు దిగడం లేదు. అన్నమే సరిగ్గా దిగడం లేదు.

"ఒక్కో గడపా ఎక్కేను. అందరూ ఆయ్ అన్నారు. ఒక్కరంటే ఒక్కరు కాదన్లేదు. ఆ ఆయ్‌లన్నీ ఎటు పోయాయి? ఎవరు తినేశారు?" చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "అందుకే చెప్తున్నాను. మళ్ళీ ఓటేద్దాం. కాగితాలతో. మన పేటలో, మనమే. ఆదివారం ఆరాధన అయ్యాక కమ్యూనిటీ హాల్లో, పాస్టరుగారితో ప్రార్థన చేయించి మొదలుపెడదాం. శ్యామ్ సుందర్‌కయితే టిక్కు, అవతలివాళ్ళకయితే ఇంటూ. ఈ లెక్కా మిషను లెక్కా పక్కపక్కన పెట్టి అమలాపురం కలెక్టరాఫీసుకి పట్టుకెళ్దాం."

బంగారరాజు ఎత్తిపట్టిన ఫోను దించాడు.

"ఆయ్," అన్నాడు బంగారరాజు.

"ఆయ్... ఆయ్," అన్నారు మిగతావాళ్ళు.

"మావయ్యగారూ, నేను గవర్నమెంటు టీచర్ని. మనింటివాళ్ళే ఇలాంటివి పెడితే నన్ను సస్పెండ్ చేస్తారు."

"నువ్వు కుర్చీలో కూర్చోవద్దులే. అది నేను చూసుకుంటాను," అన్నారాయన. అనుమతిచ్చేసినట్టు అన్నారు.

*

మర్నాడు బడి వంటశాలలో ఉడికిన గుడ్ల గిన్నె ముందు కృపావతి కూర్చుని పొట్టు తీస్తోంది. పేటలో మాస్టారింటికి మూడిళ్ళ అవతల ఉంటుంది. వేడివేడి గుడ్డుని నీళ్ళలో ముంచి, నేల మీద ఒకసారి దొర్లించి, బొటనవేలితో ఒక్క లాగుతో పొట్టంతా ఊడదీస్తుంది. సుస్మిత హాజరు చెప్పడానికి వెళ్తే, చెప్పాక కూడా కృపావతి వదల్లేదు.

"అమ్మా, ఆదివారం తప్పదంటారా?"

"ఏం అక్కా?"

"రాజోలు మా చెల్లెలింటికి వెళ్దామనుకుంటున్నానండి."

"వెళ్ళు. దానికి నన్నడగడమెందుకు?"

"వెళ్తే, ఆ రోజే ఎందుకెళ్ళిందీ అంటారు కదండీ." ఇంకో గుడ్డు తీసింది. ఈసారి పొట్టుతోపాటు తెల్లసొన కూడా ఊడొచ్చింది. దాన్ని చూస్తూ నెమ్మదిగా అంది. "నేను ఎయ్యలేదమ్మా ఆయనకి."

సుస్మిత చుట్టూ చూసింది. పొయ్యి దగ్గర ఇంకెవరూ లేరు.

"పోయినేడు వానల్లో మావాణ్ణి ఎలా తీసుకెళ్ళేరో మీరు చూసేరు కదా."

చూసింది. సమాధుల దొడ్డికి దారి లేదు. చేల గట్టు మీద నుంచే పోవాలి. ఆ రోజు గట్టు మునిగిపోయి, శవపెట్టె మోసేవాళ్ళు నడుంలోతు నీళ్ళలో దిగారు. మధ్యలో ఒకతను జారితే పెట్టె ఒక పక్కకి ఒరిగి, మూత సందులోంచి నీళ్ళు లోపలికి పోయాయి. కృపావతి గట్టున నిలబడి ఏడవడం కూడా మర్చిపోయి, "పట్టుకోండి బాబూ, పట్టుకోండి," అని అరిచింది. ఆ అరుపు సుస్మితకి ఇప్పటికీ వినిపిస్తుంది.

"ఆ గట్టుకి మట్టి తోలిస్తానని శ్యామ్ సుందర్‌గారు అన్నారని మాస్టారే మాకు చెప్పేరు. రెండుసార్లు గుర్తు చేసేనండి. 'చేస్తాడు, వాడు నా శిష్యుడు' అన్నారు. మూడోసారి అడగలేదు. వెళ్ళి అవతలి బటను నొక్కేసేను."

"ఆ మాటే మావయ్యగారితో చెప్పక్కా. మిషన్ మిషన్ అని ఊరంతా ఏకం చేస్తుంటే చూస్తూ కూర్చుంటారేం మీరంతా?"

"ఎలా చెప్తామమ్మా? మా పిల్ల నర్సింగ్ సీటు కోసం ఆయన రాజమండ్రిలో ఆఫీసు మెట్ల మీద పడుకున్నారు. బీపీ మనిషి. నేను ఎయ్యలేదంటే ఏమైపోతారు?" కృపావతి చెయ్యి ఆగిపోయింది. "మిషన్ని అంటే దానికి బాధేముంటాదండీ."

"సరే, కాగితమే కదా. తెర చాటున వేస్తావు. ఎవరికి తెలుస్తుంది?"

"పేటలో చాటేంటమ్మా. ఒక్క ఇంటూ పడితే చాలు, అది ఎవరిదా అని ఆయన నిద్రపోరు. పోనీ టిక్కు పెడదామంటే ముందు ప్రార్థన చేయిస్తానంటున్నారు. ప్రార్థన చేసుకున్నాక అబద్ధం ఎలా ఎయ్యను? నిజం ఎలా ఎయ్యను? మీరే చెప్పి ఆపించండమ్మా."

శనివారం దాటేలోపు ఇంకా నలుగురు వచ్చారు. ఒకావిడ మజ్జిగ తోడు అడుగుతూ వచ్చింది, ఒకాయన కరెంటు బిల్లు చదివించుకుంటానంటూ వచ్చాడు. ఇంకిద్దరు ఏ వంకా లేకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో కారణం. ఇంటిముందు మురుగు కాలవ, రాని పింఛను, పెళ్ళికి పిలిస్తే రాకపోవడం. కారణాలు వేరైనా చివరి మాట ఒకటే. "మాస్టారికి తెలియనివ్వకండమ్మా."

సుస్మితకి ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకొచ్చి చెవిలో చెప్పేబదులు ఒక్కరు, ఒకే ఒక్కరు, వరండాలో నిలబడి ఆ మాట అనలేరా? ఇన్నాళ్ళుగా మిషన్‌ని మోస్తున్నది తనొక్కతీ! మజ్జిగ గిన్నె మీద మూత విసురుగా పెట్టింది. అది ఎగిరి కింద పడి గుండ్రంగా తిరుగుతుంటే చూస్తూ నిలబడింది. తను మాత్రం ఏం చెప్పింది? ఎన్నికల డ్యూటీవాళ్ళకిచ్చే పోస్టల్ బ్యాలెట్ మీద, మునిగిపోయిన ఆ గట్టుని తలుచుకుంటూ, తను కూడా శ్యామ్ సుందర్ పేరు దాటి కిందికే వెళ్ళింది. ఆ సంగతి కువైట్‌లో ఉన్న మొగుడికి కూడా చెప్పలేదు.

*

ఆ సాయంత్రం మాస్టారు ఆదివారానికి ఓటు చీటీలు సిద్ధం చేస్తున్నారు. స్కేలు ఆనించి మడతపెట్టి, మడత మీద గోరుతో గీసి, అన్నీ ఒకే కొలతకి వచ్చేలా చింపుతున్నారు. పక్కన ఫోను స్పీకర్లో శ్యామ్ సుందర్ మాట్లాడుతున్నాడు.

"కానివ్వండి మాస్టారూ, చాలా మంచి ఆలోచన. వీడియో తీయించండి. మావాళ్ళు టీవీవాళ్ళకి పంపుతారు."

"నువ్వొస్తావా శ్యామూ?"

"నేను హైదరాబాదులో ఉన్నానండి. వచ్చే వారం చూస్తాను."

ఫోను ఆగాక సుస్మిత గుమ్మంలోంచి అంది. "మనిషి రాడు. వీడియో మాత్రం కావాలి."

"పనుల్లో ఉంటాడమ్మా."

"మావయ్యగారూ, ఇది వద్దండి. ఆపెయ్యండి. నిజంగానే మన పేటలో ఓట్లు పడలేదేమో."

ఆయన స్కేలు కింద పెట్టారు. "ఎవరు వెయ్యలేదు?"

సుస్మిత గుమ్మం దాకా ఎగిరొచ్చిన కాగితం ముక్కని ఏరింది.

"పేరు చెప్పు. ఒక్క పేరు."

ఒకటి కాదు, ఐదు పేర్లు నాలిక మీద ఉన్నాయి. తనదీ కలిపితే ఆరు. మిషన్ మాట నిలబెట్టాలంటే వాళ్ళలో ఒకరిని ఈయన ముందు పడెయ్యాలి. గుడ్డు పట్టుకుని ఆగిపోయిన కృపావతి చెయ్యి కళ్ళముందు కదిలింది.

"నాకెలా తెలుస్తుందండీ?" అంది.

"పేరు చెప్పలేనిదానివి, ఆ డబ్బాని ఎందుకు వెనకేసుకొస్తావు?" అని ఆయన మళ్ళీ స్కేలు తీసుకున్నారు.

*

ఆదివారం హాలు నిండింది. ఓటున్నవాళ్ళలో సగానికి పైగానే వచ్చారు. పాస్టరుగారు ఎవరి పేరూ, దేని పేరూ ఎత్తకుండా "ప్రభువా, మాకు సమాధానమియ్యి" అని క్లుప్తంగా ప్రార్థించి, వేరే ఊళ్ళో ప్రార్థన కూడిక ఉందని వెళ్ళిపోయారు. మూలగా ఒక పాత చీర తెర కట్టి, దాని వెనక స్టూలు మీద పెన్ను పెట్టారు. బియ్యం డబ్బాకి గుడ్డ బిగించి, మధ్యలో చీలిక కోశారు. మాస్టారు ప్రతి కాగితం వెనకా తన పొట్టి సంతకం పెట్టి, పేరు పేరునా పిలిచి ఇస్తున్నారు. పోలింగ్ రోజు సుస్మిత చేసినంత శ్రద్ధగానూ చేస్తున్నారు. ఎవరైనా తెర వెనక్కి వెళ్తే తల కిటికీ వైపు తిప్పేసుకుంటున్నారు.

తాతాజీ కూడా వచ్చాడు. లారీలకి కొబ్బరికాయలు ఎత్తించే మనిషి, అవతలి పార్టీవాడని పేటంతా తెలుసు. ఎన్నికల రోజు బంగారరాజు పక్కనే వాళ్ళ ఏజెంటుగా కూర్చున్నాడు. అతనికీ చదువు చెప్పింది మాస్టారే.

"రారా, తాతాజీ. నీది ఇంటూ అని అందరికీ తెలుసులే. నిక్షేపంలా వేసుకో," అన్నారు మాస్టారు. పెద్దరికంగా నవ్వారు కూడా.

"ఆయ్," అని కాగితం తీసుకున్నాడతను.

కృపావతి రాజోలు వెళ్ళలేదు. తెర వెనక చాలాసేపు ఉండి, కొంగు తలమీదికి లాక్కుని బయటికొచ్చింది.

చివర్లో మాస్టారు సుస్మిత వైపు చూశారు. "నీది బూత్ లెక్కలోకి రాదనుకో. అయినా మనింటి ఓటు. నువ్వూ వెయ్యమ్మా."

తెర వెనక ఉక్కగా ఉంది. పెన్ను చెమటకి జారుతోంది. తనకి ఎవరి భయం? ఎవరికి తెలుస్తుంది? రహస్య బ్యాలెట్ గురించి శిక్షణ తరగతుల్లో విన్నవన్నీ నోటికొచ్చు. చీర సందులోంచి మాస్టారు కనిపించారు. ఈ పది రోజుల్లో బాగా తగ్గిపోయారు. చొక్కా కాలరు మెడకి వదులైపోయింది. సుస్మిత కాగితం మీద గబగబా ఒక గుర్తు పెట్టి, నాలుగు మడతలు పెట్టి, డబ్బాలో పడేసింది.

లెక్క మొదలైంది. నల్లబల్ల మీద మాస్టారు నిలువుగా గీత గీసి రెండు వైపులు చేశారు. బంగారరాజు ఫోన్ని కిటికీలో ఆనించి వీడియో పెట్టి, డబ్బాలోంచి ఒక్కో చీటీ తీసి విప్పుతున్నాడు.

"టిక్కు."

మాస్టారు గీత గీశారు.

"టిక్కు. టిక్కు. ఇదీ టిక్కేనండి."

మాస్టారి మొహం విప్పారింది. వెనక్కి తిరిగి సుస్మితని చూశారు, చూశావా అన్నట్టు. నాలుగు నిలువు గీతల మీద ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డగీత. ఎడమవైపు వరస నిండి రెండో వరస మొదలైంది. బంగారరాజు గొంతు హుషారెక్కుతోంది. మాస్టారి చెయ్యి మాత్రం నెమ్మదించింది. ఒక టిక్కుకి గీత గియ్యడం మర్చిపోయారు. బంగారరాజు గుర్తు చేస్తే గీశారు. సుద్దముక్క విరిగింది.

కుడివైపు ఖాళీగా ఉంది.

"ఉండు," అన్నారు. వచ్చి డబ్బా అందుకున్నారు. బల్ల మీద బోర్లించి, మిగిలిన చీటీలు తనే విప్పడం మొదలెట్టారు. ముందు ఒక్కొక్కటీ, తర్వాత రెండేసి, మూడేసి. టిక్కున్న చీటీని చూసీచూడనట్టు పక్కకి తోసేసి ఇంకోటి. ఆయన లెక్కపెట్టడం లేదని, వెతుకుతున్నారని సుస్మితకి అర్థమైంది. ఒక్క ఇంటూ కోసం వెతుకుతున్నారు. ఆఖరి చీటీ విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, చేతిలోనే ఉంచుకున్నారు.

"తాతాజీ."

"ఆయ్, మాస్టారూ."

"నీదేదిరా ఇందులో?"

తాతాజీ తల వంచుకున్నాడు. "వేసేనండి."

"ఏం వేసేవు?"

"టిక్కేనండి."

"నువ్వు వాళ్ళ ఏజెంటువి కదరా. రోజంతా బూత్‌లో వాళ్ళ తరఫున కూర్చున్నావు. నువ్వెందుకు వేసేవు?"

"మీరు బాధపడతారనండి."

పై ఫ్యాను గాలికి బల్ల మీది చీటీలు రెండు ఎగిరి కిందపడ్డాయి. ఎవరూ తియ్యలేదు.

"బంగారరాజూ, ఆ వీడియో ఆపు," అన్నారు మాస్టారు.

కుర్చీ ఉంది కానీ కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని, ఎదురుగా ఉన్న మొహాల్ని ఒక్కొక్కటే చూస్తూ పోయారు. ఆ చూపు తన దాకా వచ్చినప్పుడు సుస్మిత కళ్ళు దించుకుంది. ఆ కుప్పలో తన చీటీ కూడా ఉంది. ఇన్నాళ్ళూ తను చెప్పిందే నిజమని తేలింది. తేలితే ఎంతో తేలిగ్గా ఉంటుందనుకుంది. ఏం లేదు.

"ఎవరెవరు..." అని మొదలెట్టి మాస్టారు తల అడ్డంగా ఊపారు. "వద్దు. పేర్లొద్దు. ఎవరో నాకక్కర్లేదు. ఎందుకో చెప్పండి చాలు."

ఆడవాళ్ళ వైపు నుంచి కృపావతి లేచింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ నిలబడింది.

"దారండి," అంది.

ఇంకేం అనలేదు. అక్కర్లేకపోయింది. మాస్టారు ఏ దారి అని అడగలేదు. ఆ రోజు పెట్టె వెనకాల ఆయనా ఉన్నారు.

"నేను మీకు రెండుసార్లు చెప్పేనండి," అంది కృపావతి మళ్ళీ, క్షమాపణ అడుగుతున్నట్టు.

"చెప్పేవు," అన్నారు మాస్టారు. "చెప్పేవమ్మా."

తర్వాత మురుగు కాలవ మాట ఎవరో అన్నారు. పింఛను మాట ఇంకెవరో అన్నారు. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు. ఎవరూ గట్టిగా అనలేదు, ఎవరూ శ్యామ్ సుందర్ పేరు ఎత్తలేదు. మాస్టారు ఎవరికీ అడ్డు చెప్పలేదు. వేలు ఎత్తలేదు. మధ్యలో ఒకసారి జేబులోంచి రుమాలు తీసి చేతికంటిన సుద్ద తుడుచుకున్నారు. తుడుచుకున్న చేతినే మళ్ళీ తుడుచుకున్నారు.

అంతా అయ్యాక బంగారరాజు మెల్లిగా దగ్గరికొచ్చాడు. "అయితే మాస్టారూ, అమలాపురానికి వ్యాను చెప్పమంటారా, వద్దంటారా? మిషన్ సంగతి వదిలెయ్యకూడదు కదండీ."

సుస్మితకి అతని నెత్తిన ఆ బియ్యం డబ్బా బోర్లించాలనిపించింది. మాస్టారు మాత్రం కోప్పడలేదు. "వద్దు," అన్నారు.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆయన ముందు, ఆమె వెనక. రాత్రి పడిన వానకి రోడ్డు గుంటల్లో ఇంకా నీళ్ళున్నాయి. మలుపులో కూరగాయల బండి దగ్గర బేరమాడుతున్న శ్రీవాణి వీళ్ళని చూసి, చేతిలో బెండకాయలు అలాగే పట్టుకుని ఎదురొచ్చింది. శ్రీవాణి పక్క ఊరి అంగన్‌వాడీ టీచరు. పేటలో ఏదో జరుగుతోందని అక్కడ దాకా పాకినట్టుంది.

"మాస్టారూ, ఏం తేలిందండీ? మిషన్ మోసమేనాండీ?"

ఔనంటే ఆ మాట సాయంత్రానికి కొత్తపేట చేరుతుంది. ఔననేస్తే ఇవాళ్టికి ఆయనకి అన్నమైనా దిగుతుంది, అననీ అనుకుంది సుస్మిత. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే విసుగేసింది.

మాస్టారు నిలబడ్డారు. కళ్ళజోడు తీసి పంచె చివర తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"లేదమ్మా," అన్నారు. "ఓడిపోయాం."

శ్రీవాణి చేతిలో బెండకాయల వైపు చూసుకుంది. "ఆయ్" అంది.

ఇంటి సందు వచ్చింది. ఆయన తిరగలేదు.

"ఇల్లు ఇటండీ మావయ్యగారూ."

"తెలుసమ్మా. నువ్వు పద."

ఆయన రోడ్డు దిగి, పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టుకుని, సమాధుల దొడ్డికి పోయే చేల గట్టు వైపు నడిచారు. గట్టు మొదట్లోనే కాలు బురదలో దిగబడింది. లాక్కుని ఇంకో అడుగు వేశారు. బీపీ మాత్ర వేసుకోలేదు, మధ్యాహ్నం దాటిపోయింది, ఈ ఎండలో ఎటు పోతారీ మనిషి అని గొణుక్కుంటూ సుస్మిత చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఆయన వెనకాలే బురదలోకి దిగింది.